కవరు లేని బిస్కెట్లు

తినడానికని కొనని బిస్కెట్టును తింటే అది తిన్నట్టా, కాదా? కొన్నది కవరు కోసం. కవరు చేతికి రావాలంటే లోపలున్నదాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి. గాజు జాడీ ఒక చోటు, నోరు ఒక చోటు. జాడీ నిండిపోయింది కాబట్టి నోట్లో పెట్టుకున్నాడు. ఇందులో రుచికి సంబంధించిన వ్యవహారమేమీ లేదు. స్ట్రాబెర్రీ క్రీము అతనికి చిన్నప్పటి నుంచీ పడదు. పడనిదాన్ని తినడం ఒకరకంగా త్యాగమే. మరి త్యాగం చేసేవాడు వేలికంటిన క్రీము నాకుతాడా?

ఎవెలియో వేలు నాకాడు. ఆ సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చని రెండో ప్యాకెట్టు అందుకున్నాడు. చింపే ముందు కుళాయి తిప్పాడు.

నీళ్లు దబదబా పడుతుంటే ఆ చప్పుడు మాటున కవరు చింపాడు. గోడ పలచన. అవతలిది రుబియెలా వంటిల్లు. ఆమె కప్పులో చెంచా తిప్పితే ఇవతలికి వినిపిస్తుంది. ప్యాకెట్టు చిరిగిన చప్పుడు అవతలికి వినపడదని ఏమిటి నమ్మకం? నీళ్లు వృథా కాకూడదు కనుక కుళాయి కింద గిన్నె పెట్టాడు. గిన్నె నిండగానే కిటికీలో ఉన్న ఫెర్న్ మొక్కకు పోస్తాడు. ఆ మొక్క కొన్నాళ్లుగా పసుపు రంగుకు తిరిగి, మొదలు దగ్గర కుళ్లుతోంది. దాని జబ్బేమిటో అతనికి తెలుసు. పర్యావరణం.

కవరును పొడిగుడ్డతో తుడిచి, మడిచి, ప్లాస్టిక్ సీసా మూతిలోకి దూర్చి, చెక్క గరిటె కాడతో అడుగుకంటా దిమ్మించాడు. సీసా సగం దాకా నిండింది. శనివారానికి రాయిలా అవ్వాలి.

ఈ సీసాల పని మొదలుపెట్టింది రుబియెలాయే. బియ్యం కవర్లు, సబ్బు కవర్లు, బ్రెడ్డు కవర్లు, ఏవైనా సరే కడిగి ఆరబెట్టి సీసాలో కూరి కూరి గట్టిపరిస్తే, ఒక సంస్థ వాళ్లు పట్టుకెళ్లి కరిగించి పార్కు బెంచీలు చేస్తారు. తమ కొండ ఊరు మనిసాలెస్‌లో వాటిని ప్రేమ సీసాలంటారు. బిల్డింగు వాళ్ల సమావేశంలో ఆ పేరు విన్నప్పుడు ఎవెలియో వెనక వరసలో కూర్చుని నవ్వాడు.

"నవ్వండి, నవ్వండి," అంది రుబియెలా ముందు నుంచి. "కొండ మీద బతుకుతున్నాం. మనం విసిరిందల్లా కిందికే పోతుంది. కింద మనుషులు లేరనుకుంటున్నారా?"

నవ్విన నాపచేనే పండుతుందంటారు. అతని విషయంలో ఆ చేను ఏపుగా పండింది.

రుబియెలా పిల్లలకు పియానో నేర్పుతుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. శనివారం ఉదయం పై అంతస్తు నుంచి మొదలుపెట్టి తలుపు తలుపూ తట్టి సీసాలు పోగుచేస్తుంది. ఆఖరి తలుపు ఎవెలియోది. అది ఆమె తలుపు పక్కదే. సీసా చేతికిస్తే దాని నడుం మీద బొటనవేలితో నొక్కి చూస్తుంది. మొదటిసారి అతని సీసా లొత్తపడింది.

"ఇదింకా ఊపిరి పీలుస్తోంది, దోన్ ఎవెలియో," అని తిరిగి ఇచ్చేసింది.

అతనికి రోషం వచ్చింది. నోటరీ ఆఫీసులో అతని పని, నకలు కాగితాన్ని మూలంతో సరిపోల్చి ముద్ర వేయడం. పనికిరాదని వెనక్కి ఇవ్వడం అతని వృత్తి. వెనక్కి పుచ్చుకోవడం అలవాటు లేదు. ఆ వారమంతా గరిటె కాడతో పొడిచి పొడిచి, తర్వాతి శనివారం గట్టి సీసా చేతిలో పెట్టాడు. ఆమె నొక్కింది. వేలు దిగలేదు. మళ్లీ నొక్కి, తల పైకెత్తి అతని మొహంలోకి చూసింది.

"దీనికి ఊపిరి ఆగిపోయింది," అంది సంతోషంగా. "కాఫీ వాసన వస్తోంది, మీ ఇంట్లోంచేనా?"

లోపలికొచ్చి కూర్చుంది. అప్పటి నుంచీ ప్రతి శనివారం కాఫీ అక్కడే.

తనను చూసి ఒక మనిషి అంత సంతోషపడి ఎంతకాలమైందో అతను గుర్తు తెచ్చుకోబోయి మానేశాడు. భార్య ఎస్నేదా విడిపోయి పెరేయిరా నగరానికి వెళ్లిపోయింది. గొడవలేమీ పడలేదు. ఆమె ఇంట్లో లేదన్న సంగతి అతను గమనించడానికే కొన్నాళ్లు పట్టింది. వెళ్లడానికి కారణం కూడా ఆమె అదే చెప్పింది. తనను తాను అర్థం చేసుకున్నవాడినని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే తనకు ఎవరి అవసరమూ లేదని నిర్ణయించుకున్నాడు. ఇప్పుడు ఒక బొటనవేలి కోసం శుక్రవారం నుంచే గుండె కొట్టుకుంటోంది. అది పర్యావరణం మీద ఆందోళన అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో చాలామంది ఆందోళన పడుతున్నారు కాబట్టి అది నమ్మదగినట్టే ఉంది.

ఆమె చెప్పిన అలవాట్లన్నీ నేర్చుకున్నాడు. వేడినీళ్లు వచ్చేలోగా పోయే చన్నీళ్లను బకెట్లో పట్టాడు. బస్సు మాని నిట్టనిలువు వీధులెక్కి ఆఫీసుకు నడిచాడు. బియ్యం, బీన్సు, పనేలా బెల్లం అన్నీ గుడ్డసంచిలోకే కొలిపించుకుని తెచ్చుకున్నాడు. అరెపా రొట్టెలు వీధి చివర ఆకులో చుట్టించుకున్నాడు. సబ్బు కూడా కవరు లేనిదే. ప్రతి అలవాటునూ శనివారం కాఫీ దగ్గర ఆమెకు చెప్పేవాడు, బడిపిల్లవాడు పలక చూపించినట్టు. ఆమె బాగుంది బాగుంది అనేది. అలా బాగుపడుతూ బాగుపడుతూ ఒక శనివారం నాటికి అతని ఇంట్లో సీసాలో కూరడానికి ఏమీ మిగల్లేదు.

"సీసా లేదు," అన్నాడు తలుపు తీసి, గర్వంగా. "చెత్తే లేదు."

"నిజంగానా?" రుబియెలా రెండు చేతులూ కలిపి పట్టుకుంది. "ఈ బిల్డింగులో మీరే మొదటివారు. అందరూ మీలా అయిపోతే నాకీ మెట్ల బాధ తప్పుతుంది."

"కాఫీ..."

"ఎందుకండీ మీకు శ్రమ. ఇవాళ పనే లేదుగా."

వెళ్లిపోయింది. పొయ్యి మీద ఇద్దరికి సరిపడా కాఫీ కాగుతోంది. ఎవెలియో రెండు కప్పులూ తాగాడు, వృథా చేయకూడదని. మంచితనానికి ప్రతిఫలం ఏమిటో అతనికి ఆ పూట అర్థమైంది. మంచివాడిని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

సోమవారం వీధిలోని గిల్దార్దో కిరాణా కొట్లో వేఫర్ బిస్కెట్ల ప్యాకెట్టు కొన్నాడు. ఎవరైనా వస్తే పెట్టడానికని అనుకున్నాడు. ఆ ఎవరైనా రావాలంటే ముందు ప్యాకెట్టు చింపాలి. మనసు ఆ రెండు వాక్యాలనూ కలపకుండా విడివిడి గదుల్లో ఉంచింది. మనసుకు గదులు ఉన్నది అందుకే.

జాడీలు పేరుకున్నాయి. వంటింటి అలమరలో, గాజులోంచి కనిపిస్తూ, వరసలు వరసలుగా గులాబీ బిస్కెట్లు. ఒక శనివారం కప్పులు సర్దడానికి వెంట వచ్చిన రుబియెలా వాటి ముందు ఆగిపోయింది.

"ఇవేంటి, విడి బిస్కెట్లా? కవరు లేకుండా?"

నిజం చెప్పడానికి అతనికి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో ఆమె కనుబొమలు చూశాడు. మెచ్చుకోవడానికి సిద్ధంగా పైకి లేచి ఉన్నాయి. వాటిని కిందికి దించడం అతని వల్ల కాలేదు.

"గిల్దార్దో విడిగా అమ్ముతున్నాడు. జాడీ తీసుకెళ్తే కొలిచి ఇస్తాడు."

"ఆ మనిషా? కోడిగుడ్డుకు కూడా కవరు తొడుగుతాడే."

"నేనే నచ్చజెప్పాను."

"మీరు సామాన్యులు కారు, దోన్ ఎవెలియో," అంది. "అయితే రేపు నేనూ జాడీ పట్టుకెళ్తాను."

ఆ సాయంత్రమే వానలో కోటు కింద మూడు జాడీలు దాచుకుని ఎవెలియో కొట్టుకు దిగాడు. గిల్దార్దో బల్ల వెనక అరెపా తింటున్నాడు.

"రండి డాక్టరు గారూ." టై కట్టిన ప్రతివాడూ గిల్దార్దోకు డాక్టరే. "ఇవాళ్టి స్ట్రాబెర్రీ ఇంకా తీసుకెళ్లలేదు మీరు."

"ఈ జాడీలు ఇక్కడ బల్ల మీద పెట్టాలి."

"ఏమున్నాయి?"

"బిస్కెట్లు."

"ఎవరివి?"

"మీవే. మీ దగ్గర కొన్నవే."

"బూజు పట్టాయా ఏంటి?"

"లేదు, బాగానే ఉన్నాయి."

"కవరు విప్పేసినవి వెనక్కి తీసుకోను డాక్టరు గారూ. మా నాన్న కాలం నుంచీ అదే పద్ధతి."

"వెనక్కి కాదు. రేపు దోన్యా రుబియెలా వస్తారు. మీరు వీటిని విడిగా అమ్ముతున్నట్టు..." ఎవెలియో ఆగి, మిగతాది గొంతు తగ్గించి చెప్పాడు.

గిల్దార్దో అరెపా నమలడం ఆపాడు. "ఉండండి. నాకు బుర్ర తక్కువ. నా బిస్కెట్లు నా దగ్గరే కొన్నారు. వాటి బట్టలు విప్పారు. మళ్లీ నాకే తెచ్చిచ్చారు. నేను వాటిని ఆవిడకు అమ్మాలి. ఆవిడ మిమ్మల్ని మెచ్చుకోవాలి."

"పర్యావరణం కోసం."

"ఆహా. పెళ్లి చేసుకోవడం ఇంతకంటే తేలికండీ."

"అలాంటిదేమీ లేదు."

"ఉందని నేనన్నానా?" గిల్దార్దో చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని జాడీలను బల్ల మీద ముందుకు జరిపాడు. "మూత బిగించండి. చీమలు పడతాయి. వాటికి పర్యావరణం తెలీదు."

అంతటితో అయిపోతుందని ఎవెలియో అనుకున్నాడు. మర్నాడు రుబియెలా వెళ్లి, జాడీ నింపించుకుని, మెట్ల మీద కనిపించిన ప్రతివారికీ చెప్పింది. రెండో అంతస్తు పళ్ల డాక్టరు జాడీ పట్టుకెళ్లాడు. కింద ఉండే కవల అక్కచెల్లెళ్లు చెరొక జాడీ పట్టుకెళ్లారు. గిల్దార్దో మూడు రోజుల్లోనే వ్యాపారం అర్థం చేసుకున్నాడు. అట్టముక్క మీద 'భూమి కోసం విడి సరుకు' అని రాసి వేలాడదీసి, ధర కాస్త పెంచాడు. కవరు లేనిదానికి ఎక్కువ ఇవ్వడం జనానికి తృప్తిగానే ఉంది. బిస్కెట్లే కాక వేరుశనగలు, అరటికాయ చిప్సు, పప్పులు అన్నీ గాజు జాడీల్లోకి దిగాయి. తెల్లారగానే తెర వెనక కూర్చుని గిల్దార్దో ప్యాకెట్లు చింపేవాడు.

ఆ తర్వాత ఒకరోజు ఒక గోనెసంచి ఎవెలియో చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"కవర్లు. ఈ వారానివి."

"నాకెందుకు?"

"వీధిలో పెడితే దోన్యా రుబియెలా చూస్తారు. నేను చెప్పనా మరి, డాక్టరు గారూ, ఇది ఎవరి ఆలోచనో?"

కాబట్టి బిల్డింగు మొత్తం చెత్త ఎవెలియో ఇంటికి చేరింది. ఇది వరకు ఎవరి పాపం వారి వంటింట్లో ఉండేది. ఇప్పుడందరి తరఫునా అతనొక్కడే మోస్తున్నాడు. చర్చిలో ఈ పని ఎవరో చేశారని చెబుతారు, కానీ ఆయన స్ట్రాబెర్రీ కవర్లు మోయలేదు. కవర్ల మీది బొమ్మలు కనబడకుండా లోపలి వెండి రంగు బయటికొచ్చేలా తిరగేసి దిమ్మించడం నేర్చుకున్నాడు. అతని సీసాలు పూజాపాత్రల్లా మెరిసేవి.

"మీ ఇంట్లో చెత్తే లేదు కదా, ఇవెక్కడివి?" అని ఒకసారి అడిగింది రుబియెలా.

"మా ఆఫీసు వాళ్లవి. పోగుచేసి తెస్తున్నాను."

కనుబొమలు మళ్లీ లేచాయి. ఆఫీసులో అతను ఎవరితోనూ మాట్లాడడని ఆమెకు తెలియదు.

ఆ వారమంతా ముద్ర వేస్తున్నప్పుడల్లా చెయ్యి ఒక్క లిప్త ఆగేది. ఎడమ చేతి కింద మూలం, కుడి చేతి కింద నకలు. రెండూ ఒకటేనని సాక్ష్యం చెప్పాలి. ఆమె మెచ్చుకుంటున్న ఎవెలియో ఒకడు, ప్యాకెట్లు చింపుతున్న ఎవెలియో ఒకడు. మొదటివాడిని చూస్తే రెండోవాడికి అసూయగా ఉంది. వాడికి ఉన్న మిత్రురాలు తనకు లేదు. ఆమె తన ఇంటికి వస్తున్నా, తనను చూడటానికి ఒక్కసారీ రాలేదు. ఈ ఆలోచన అతనికి నచ్చలేదు. ముద్ర గట్టిగా వేశాడు, సిరా పక్క కాగితానికి కూడా అంటింది.

శనివారం వచ్చింది. రాత్రి రూయిస్ అగ్నిపర్వతం బూడిద రాల్చినట్టుంది. కిటికీ గట్టు మీద బూడిదరంగు పొడి పలచగా పరుచుకుంది. రుబియెలా రోజూ కంటే ముందే వచ్చింది. చేతిలో సంచి ఖాళీగా వేలాడుతోంది.

"ఒక్క సీసా కూడా లేదు, దోన్ ఎవెలియో. పై నుంచి కింది దాకా తట్టాను. ఎవరింట్లోనూ కవర్లు లేవు. అందరూ గిల్దార్దో దగ్గర విడిగా కొంటున్నారు. గెలిచాం."

గెలిచినవాళ్లు కూర్చునేట్టు కూర్చోలేదు ఆమె. కుర్చీ అంచు మీద కూర్చుంది. ఎవెలియో కాఫీ పోసి, పళ్లెంలో బిస్కెట్లు పెట్టి, వెండి సీసా బల్ల మీద నిలబెట్టాడు. ఆమె అలవాటుగా బొటనవేలితో నొక్కింది. వెంటనే పక్కకు జరిపింది.

"వచ్చే వారం నుంచి నేను సాన్ హోర్హే పేట వైపు వెళ్తున్నాను," అంది. "అక్కడ ఇంకా మొదలే పెట్టలేదట. ఇంటింటికీ కవర్లేనట. శనివారాలు అటే సరిపోతాయి."

"మరి ఇది?" అన్నాడు సీసా చూపించి.

"మీ ఆఫీసు సీసాలు మీరే ఇచ్చేయండి. సంస్థ మీ దారిలోనే కదా. నా కోసం ఇక్కడిదాకా మోసుకురావడమెందుకు."

పక్క గదిలో తలుపు వెనక గోనెసంచి ఉంది. దాన్ని తెచ్చి ఆమె కాళ్ల దగ్గర కుమ్మరిస్తే ఈ బిల్డింగులో గెలుపేమీ లేదని తెలిసిపోతుంది. ఆమె సాన్ హోర్హే వెళ్లనక్కర్లేదు. ఇక్కడే, ఈ మెట్ల మీదే కావలసినంత పని. కాకపోతే ఆఖరి తలుపు తట్టదు. కుమ్మరించకపోతే ఆమె మెచ్చుకోలు అలాగే ఉంటుంది, ఆమె మాత్రం రాదు. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉండి తీరాలని, చదువుకున్న మనిషికి ఎప్పుడూ ఒక దారి దొరుకుతుందని వెతికాడు. దొరకలేదు. కాఫీ తాగాడు.

ఆమె కూడా తాగింది. కప్పు ఖాళీ అయినా లేవలేదు. కప్పును సాసరులో ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పింది.

"ఒక మాట చెప్తే ఏమీ అనుకోరు కదా?"

"చెప్పండి."

"మీ వంటింట్లో కుళాయి పాడైనట్టుంది. చాలా రోజుల నుంచి వింటున్నాను. ఉన్నట్టుండి ధారగా పోతుంది, కాసేపటికి ఆగుతుంది. రోజుకు ఎన్నిసార్లో." ఆమె కిటికీలోని ఫెర్న్ వైపు చూసింది. "మొదట మీరు చూసుకుంటారులే అనుకున్నాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకునే మనిషికి నీళ్ల సంగతి చెప్పడమేంటని మొహమాటం. మీరేమో... ఏమో, ప్రతి మనిషిలో ఏదో ఒకటి ఉంటుందిలే అనుకున్నాను."

"మీకు వినిపిస్తుందా?"

"గోడ పలచన కదండీ. అది తప్ప ఏమీ వినిపించదు."

ఎవెలియో లోలోపల ఏదో నవ్వబోయి ఆగింది. దాచిన చప్పుడు ఆమె వినలేదు. దాచడానికి పెట్టిన చప్పుడు రోజూ విన్నది. ఇన్నాళ్లూ ఆమె మెచ్చుకున్నది ఆ కుళాయిని క్షమించిన తర్వాతే. అంటే మెచ్చుకోలులో చిన్న చిల్లు ఎప్పటి నుంచో ఉంది. అయినా వస్తూనే ఉంది. ఆ చిల్లు చూస్తూనే కాఫీ తాగింది. ఎందుకు? ఈ ప్రశ్న అతను ఎన్నడూ వేసుకోలేదు. అతను వేసుకున్న ప్రశ్నలన్నీ తన గురించే.

"బాగు చేయించుకుంటారుగా?" అంది రుబియెలా. "నేనుండగా అయితే అడుగుతూ ఉండేదాన్ని. ఇకనుంచి శనివారాలు..." మాట పూర్తి చేయకుండా పళ్లెం వైపు చూసింది. అందులో పొడి మాత్రమే మిగిలింది. "ఇంకో రెండుంటే పెట్టండి. మీరు అలవాటు చేసేశారు. నాకు నిజానికి స్ట్రాబెర్రీ పడదు."

"నాకూ పడదు," అన్నాడు ఎవెలియో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

అతను వంటింట్లోకి వెళ్లాడు. జాడీలు ఖాళీ. పళ్లెంలో పెట్టిన కాసిని తప్ప గిల్దార్దో నిన్ననే అన్నీ తీసుకెళ్లాడు, సరుకు చాలడం లేదని. ఓట్స్ డబ్బా వెనక ఒక ప్యాకెట్టు ఉంది, సోమవారం చింపాల్సింది. దాన్ని తీశాడు. ఎడమ చెయ్యి దానంతటదే కుళాయి మీదికి వెళ్లింది. వేళ్లు చుట్టుకున్నాయి. కింద గిన్నె సిద్ధంగా ఉంది. కిటికీలో ఫెర్న్ దేనికీ సిద్ధంగా లేదు.

చెయ్యి తీసేశాడు. ప్యాకెట్టుతో ముందు గదిలోకి వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని, ఖాళీ పళ్లెం మీద దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చప్పుడయ్యేలా చింపాడు.